టెక్సస్ చిన్న టౌన్లలో వాకింగ్ ట్రైల్స్‌కి స్టేట్ గ్రాంట్లు నిజంగా వస్తాయా? ఎవరైనా ట్రై చేశారా?

కొత్తఇల్లు_నార్త్‌టెక్సస్ అడిగారు:

అందరికీ నమస్తే. మేం డల్లాస్‌కి ఉత్తరాన ఒక చిన్న టౌన్‌లో ఉంటాం. ఊరి పేరు వదిలేయండి, ఇటువైపు టౌన్లన్నిటి పరిస్థితీ దాదాపు ఒకటే. ఇల్లు కొన్నప్పుడు చుట్టూ మొక్కజొన్న చేలు, గడ్డి చుట్టలు, మధ్యలో ఒక ఎఫ్‌ఎం రోడ్డు (పల్లెల్ని కలిపే స్టేట్ రోడ్డు), అంతే ఉండేది. ఇప్పుడు ఎటు చూసినా రూఫులే. సెలైనా 2023లో దేశం మొత్తం మీద ఫాస్టెస్ట్ గ్రోయింగ్ సిటీ అన్నారు, మరుసటి ఏడాది ప్రిన్స్‌టన్ ఆ ప్లేస్‌లోకి వచ్చింది, 2020 సెన్సస్‌లో ప్రిన్స్‌టన్ జనాభా 17 వేలు, నాలుగేళ్ళలో రెట్టింపు దాటింది. మాది అంత స్పీడ్ కాదు గానీ దారి మాత్రం అదే.

విషయం ఏంటంటే నడవడానికి చోటు లేదు. సబ్‌డివిజన్ లోపల సైడ్‌వాక్ బాగానే ఉంది, పాండ్ చుట్టూ హెచ్‌ఓఏ (ఇంటి ఓనర్ల సంఘం) వేయించిన లూప్ కూడా ఉంది. గేటు దాటితే మాత్రం కాంక్రీట్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆ చివర ఒక ఆరెంజ్ బ్యారెల్, తర్వాత బార్ డిచ్ (రోడ్డు పక్క కాలువ), అందులో మోకాలెత్తు గడ్డి, దాన్ని ఆనుకుని ఎఫ్‌ఎం రోడ్డు మీద ఊపుగా పోయే డంప్ ట్రక్కులు. ఎలిమెంటరీ స్కూల్ బిల్డింగ్ మా గేటు నుంచి కనిపిస్తుంది, అయినా ప్రతి ఇంటి నుంచీ ఒక కారు తీయాల్సిందే, పొద్దున డ్రాప్ ఆఫ్ లైన్ మెయిన్ రోడ్డు దాకా వస్తుంది. అమ్మానాన్న ఇండియా నుంచి వస్తే వాళ్ళకి డ్రైవింగ్ రాదు కాబట్టి ఆ పాండ్ చుట్టూనే తిరగాలి, పక్క కమ్యూనిటీలో వాళ్ళ వయసు వాళ్ళు ఇంకో నలుగురు ఉన్నారని తెలుసు, మధ్యలో ఉన్నది ఒక క్రీక్ మాత్రమే, అయినా వెళ్ళి కలవలేరు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళి పబ్లిక్ కామెంట్స్‌లో మాట్లాడాను. వాటర్‌కి, సీవర్‌కే డబ్బులు చాలట్లేదు, ట్రైల్స్ తర్వాత చూద్దాం అన్నారు. స్టేట్ గ్రాంట్లు ఉన్నాయి కదా అంటే అవి పెద్ద సిటీలకే వస్తాయి అన్నారు. నిజమేనా? అప్లై చేసేది ఎవరు, మనమా, హెచ్‌ఓఏనా, సిటీనా? మ్యాచింగ్, అంటే మన వైపు వాటా, ఎంత పెట్టాలి? ఊరు ఇలా పెరిగిపోతుంటే అది మనకి ప్లస్సా మైనస్సా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

పార్క్స్‌బోర్డ్_వాలంటీర్ రిప్లై:

మా టౌన్‌లో పార్క్స్ బోర్డులో ఉన్నాను అండి, జీతం లేని పని, కానీ గ్రాంట్ అప్లికేషన్లు దగ్గర్నుంచి చూస్తుంటాను కాబట్టి చెప్తున్నా. పెద్ద సిటీలకే వస్తాయి అన్నది కరెక్ట్ కాదు. చిన్న ఊళ్ళ కోసం విడిగా పెట్టిన గ్రాంట్లే ఉన్నాయి.

మొదటిది టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ లోకల్ పార్క్ గ్రాంట్. ఇందులో 20,000 లోపు జనాభా ఉన్న ఊళ్ళకి స్మాల్ కమ్యూనిటీ అని విడిగా కేటగిరీ ఉంటుంది, అందులో పోటీ మీలాంటి ఊళ్ళతోనే, డల్లాస్‌తోనో ప్లేనోతోనో కాదు. ఈ డబ్బు ఎక్కడిదంటే చాలావరకు టెంటు, ఫిషింగ్ రాడ్, సైకిల్ లాంటివి కొన్నప్పుడు మనం కట్టే సేల్స్ ట్యాక్స్‌దే. 1993 నుంచీ ఆ ట్యాక్స్ పార్కులకి ఇవ్వాలనే ఉంది, కానీ లెజిస్లేచర్ చాలా ఏళ్ళు కొంత మాత్రమే ఇచ్చి మిగతాది వేరేవాటికి వాడింది, 2019 నవంబర్‌లో ప్రొపోజిషన్ 5 ఓటింగ్‌కి పెడితే దాదాపు 88 శాతం మంది అవునన్నారు, అప్పట్నుంచి అది పార్కులకి, హిస్టారికల్ కమిషన్‌కే వెళ్ళాలని రాజ్యాంగంలోనే ఉంది. ఇందులో మ్యాచ్ సగానికి సగం, అంటే లక్ష డాలర్ల పనికి 50 వేలు సిటీ పెట్టుకోవాలి.

రెండోది రిక్రియేషనల్ ట్రైల్స్ ప్రోగ్రామ్. ఇది ఫెడరల్ డబ్బు, 1991 చట్టంతో మొదలైంది, రోడ్డు మీద కాకుండా డర్ట్ బైకులకి, ఏటీవీలకి కొట్టించే గ్యాస్ మీద పడే ట్యాక్స్ లెక్క నుంచి వస్తుంది, ఇక్కడ పంచేది మళ్ళీ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళే. చట్టం ప్రకారం 30 శాతం మోటార్ ట్రైల్స్‌కి, 30 శాతం మనలాంటి నడక, సైకిల్ ట్రైల్స్‌కి, మిగతా 40 శాతం ఒకటికి మించి రకాల వాళ్ళు వాడే ట్రైల్స్‌కి. దీంట్లో వాళ్ళు 80 పెడితే మనం 20 పెడితే చాలు, పైగా ఆ 20లో వాలంటీర్ల పని, ఎవరైనా ఇచ్చిన మెటీరియల్ కూడా లెక్కేస్తారు. సిటీ, కౌంటీలతో పాటు నాన్ ప్రాఫిట్‌లు కూడా అప్లై చేయొచ్చు.

మూడోది ట్రాన్స్‌పోర్టేషన్ ఆల్టర్నేటివ్స్. ఇది రోడ్ల డబ్బుల్లోంచి వస్తుంది, స్కూలుకి సైడ్‌వాక్, రెండు కమ్యూనిటీల మధ్య పాత్ లాంటివాటికి ఇదే కరెక్ట్. చిన్న ప్రాంతాలకి టీఎక్స్‌డాట్ (స్టేట్ రోడ్ల శాఖ) అప్లికేషన్లు పిలుస్తుంది, డల్లాస్ మెట్రో లెక్కలోకి వచ్చే ఊళ్ళకి ఎన్‌సీటీకాగ్ (ఇటువైపు ఊళ్ళ ప్రాంతీయ మండలి) పిలుస్తుంది, కాబట్టి ముందు మీ ఊరు ఏ లెక్కలో ఉందో కనుక్కోండి.

ఇంకో మాట, 2023లో ఓటేశాం కదా ఒక బిలియన్ డాలర్ల పార్క్ ఫండ్ అని, ప్రొపోజిషన్ 14, అది కొత్త స్టేట్ పార్కులకి భూమి కొనడానికి. చాలామంది దాన్ని పట్టుకుని కౌన్సిల్‌లో అడుగుతారు, మన ఊరి ట్రైల్‌కి ఆ ఫండ్ రాదు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఇవన్నీ రీయింబర్స్‌మెంట్ గ్రాంట్లు. సిటీ ముందు ఖర్చు పెట్టి, బిల్లులు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. అప్లికేషన్ వేసిన రోజు నుంచి కాంక్రీట్ పడే రోజుకి ఏళ్ళు పట్టొచ్చు, ఫెడరల్ డబ్బైతే ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్‌లు కూడా ఉంటాయి. చిన్న సిటీలో ఫైనాన్స్ చూసేది ఒక్కరే, గ్రాంట్ పేపర్లు చూసేదీ ఆయనే, అందుకే మీ వాళ్ళు వద్దంటున్నారు, మనసు లేక కాదు.

మ్యాచ్ డబ్బుకి ఒక దారి చెప్తా. మీ ఊళ్ళో టైప్ బి ఎకనామిక్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఉందేమో చూడండి, సేల్స్ ట్యాక్స్‌లో ఒక వాటా దానికి వెళ్తుంది, చట్టం ప్రకారం ఆ డబ్బు పార్కులకి కూడా వాడొచ్చు. కొలిన్ కౌంటీ అయితే ఓటర్లు 2018లో, 2023లో పార్క్స్ అండ్ ఓపెన్ స్పేస్ బాండ్లు పాస్ చేశారు, అందులోంచి ఊళ్ళకి గ్రాంట్లు ఇస్తారు.

కానీ నేను గట్టిగా చెప్పేది వేరే ఉంది అండి, గ్రాంట్ గురించి కాదు, భూమి గురించి. మీరు అడిగారు కదా పెరగడం ప్లస్సా మైనస్సా అని. చేను చేనుగా ఉన్నప్పుడు క్రీక్ పక్కన ఒక 20 అడుగుల స్ట్రిప్ తీసుకోవడం పెద్ద పని కాదు, డెవలపర్‌కి కూడా ఆ ఫ్లడ్‌ప్లెయిన్‌లో ఇల్లు కట్టడానికి ఉండదు, అడిగితే ఇచ్చేస్తాడు. అదే ప్లాట్లు వేసి, బ్యాక్‌యార్డ్ ఫెన్సులు క్రీక్ దాకా లాగేసి, ఇళ్ళు అమ్మేశాక ఎన్ని మిలియన్ల గ్రాంట్ వచ్చినా ఆ దారి ఇంక దొరకదు, 60 మంది ఇంటి ఓనర్ల దగ్గర ఈజ్‌మెంట్ (వాళ్ళ భూమిని దారికి వాడుకునే హక్కు) కొనాలి. మా ఊళ్ళో ఒక మంచి కారిడార్ ఇలాగే పోయింది. గ్రాంట్ ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది మళ్ళీ వేయొచ్చు, ప్లాట్ (లాట్లు, రోడ్లు గీసిన మ్యాప్) రికార్డ్ అయిపోతే మాత్రం చేసేదేం లేదు.

కాబట్టి ముందు మీ ఊరికి ట్రైల్స్ మాస్టర్ ప్లాన్ ఉందా అని అడగండి. ఉంటే స్టేట్ గ్రాంట్‌లో పాయింట్లు కూడా వస్తాయి. లేకపోతే ఆ పని మొదలుపెట్టించండి, మిగతా అన్నీ దాని తర్వాతే.

రోడ్డు_ముందు రిప్లై:

నాకు ట్రైల్స్ మీద కోపం ఏం లేదు, కానీ ఒక ప్రశ్న. మాకు ప్రాపర్టీ ట్యాక్స్ ఏటా పెరుగుతోంది, రెండు లేన్ల రోడ్డు మీద పొద్దున 40 నిమిషాలు నిలబడుతున్నాం, ఎండాకాలం వస్తే వాటర్ రిస్ట్రిక్షన్లు. ఇలాంటి ఊరు మ్యాచ్ అని చెప్పి లక్షలు ట్రైల్‌కి పెడితే అది న్యాయమేనా? పైగా కట్టాక మెయింటెనెన్స్ ఎవరు చేస్తారు, గ్రాంట్ అందుకు ఇవ్వదు కదా. గడ్డి కొయ్యాలి, వాన వచ్చాక బురద తీయాలి, అదంతా జనరల్ ఫండ్ మీదే పడుతుంది. దీని గురించి ట్రైల్ కావాలనేవాళ్ళు ఎప్పుడూ మాట్లాడరు.

సివిల్_డ్రాయింగ్స్ రిప్లై:

రోడ్డు_ముందు గారు అడిగినదాంట్లో మెయింటెనెన్స్ పాయింట్ చాలా కరెక్ట్, నేను సైట్ డెవలప్‌మెంట్ డిజైన్‌లో ఉన్నా, దానికి డిజైన్ వైపు నుంచి చెప్తా.

ఇక్కడి నల్లమట్టి గురించి అందరికీ తెలుసు, మన ఫౌండేషన్లకి నీళ్ళు పెట్టుకునేది దాని వల్లే. వాన పడితే ఉబ్బుతుంది, ఆగస్టులో ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్ళు. దీని మీద పల్చగా తారు వేస్తే కొన్నేళ్ళకే అంచులు విరిగి, మధ్యలో నిలువు చీలికలు వచ్చి స్ట్రోలర్ కూడా పోదు. గ్రానైట్ పొడి చవకే, చూడ్డానికీ బాగుంటుంది, కానీ క్రీక్ పక్కన వేస్తే ఒక్క పెద్ద వానకి మొత్తం కొట్టుకుపోతుంది. అందుకే ఇటువైపు కింద మట్టిని సున్నంతో గట్టిపరిచి, పైన రీబార్‌తో 5, 6 అంగుళాల కాంక్రీట్ వేస్తారు. మొదట ఖర్చు ఎక్కువే, కానీ తర్వాత సిటీ మీద పడే భారం తగ్గుతుంది. గ్రాంట్ వచ్చేది కట్టడానికే కాబట్టి ఆ కట్టేదేదో గట్టిగా కట్టుకోవడమే తెలివైన పని. వెడల్పు కనీసం 10 అడుగులు, రన్నింగ్ స్లోప్ 5 శాతం లోపు, అడ్డంగా వాలు 2 శాతం మించకూడదు, వీల్‌చెయిర్ వాళ్ళకి ఇది చాలా ముఖ్యం. టెక్సస్‌లో 50 వేల డాలర్లు దాటిన ప్రాజెక్ట్ అయితే యాక్సెసిబిలిటీ రివ్యూకి టీడీఎల్‌ఆర్‌లో (స్టేట్ లైసెన్సింగ్ శాఖ) రిజిస్టర్ చేయాలి, దాని ఖర్చు, టైమ్ ముందే లెక్కలో వేసుకోండి.

ఇంకోటి, వాటర్ సీవర్ తర్వాతే ట్రైల్ అంటున్నారు కదా, ఆ రెండూ కలిపి చేయొచ్చు. పెద్ద సీవర్ లైన్లు గ్రావిటీ మీద నడవాలి కాబట్టి అవి ఎప్పుడూ క్రీక్ వెంబడే పోతాయి, సరిగ్గా మనకి ట్రైల్ కావాల్సిన చోటే. ఎలాగూ దానికి సిటీ ఈజ్‌మెంట్ తీసుకుంటుంది, మ్యాన్‌హోల్స్ దగ్గరికి ట్రక్కు పోవడానికి దారి కూడా కావాలి. ఆ దారినే ట్రైల్‌గా డిజైన్ చేస్తే రెండు పనులు అవుతాయి. కాకపోతే ఈజ్‌మెంట్ డాక్యుమెంట్‌లో చాలాసార్లు శానిటరీ సీవర్ కోసం అని మాత్రమే రాస్తారు, అలా రాస్తే జనం దాని మీద నడిచే హక్కు రాదు. పబ్లిక్ యాక్సెస్, పెడెస్ట్రియన్ ట్రైల్ అనే మాటలు కూడా మొదటి రోజే అందులో ఉండాలి. ఒక్క లైన్, కానీ అది లేక ఆగిపోయిన ట్రైల్ నేను డ్రాయింగ్స్‌లో చూశాను, లైన్ వేసి ఏళ్ళయింది, పైన చక్కగా చదునైన నేల ఉంది, ఎవరూ నడవకూడదు.

పొలం ఓనర్లు ఎవరైనా పడి కేసేస్తే ఎలా అని భయపడతారు. టెక్సస్‌లో రిక్రియేషనల్ యూజ్ చట్టం ఉంది, సివిల్ ప్రాక్టీస్ కోడ్ చాప్టర్ 75, జనం నడవడానికి చోటు ఇచ్చిన ఓనర్‌కి లయబిలిటీ బాగా తగ్గిస్తుంది. వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇది చెప్పండి.

పార్క్స్‌బోర్డ్_వాలంటీర్ రిప్లై:

@రోడ్డు_ముందు గారు, మీ బాధ నాకూ ఉంది, నేనూ అదే రోడ్డు మీద నిలబడతా. కానీ స్కూల్ ఎదురుగా ఆ లైన్‌లో ఉన్న కార్లలో చాలావరకు మైలు దూరం నుంచి వచ్చినవే. నడిచే దారి ఉంటే అందులో కొన్నయినా తగ్గుతాయి, దాన్ని నేను రోడ్డు ఖర్చులో భాగంగానే చూస్తా. ఇంకా ఎఫ్‌ఎం రోడ్డు సిటీది కాదు, స్టేట్‌ది. టీఎక్స్‌డాట్ దాన్ని వైడెన్ చేసేటప్పుడు పబ్లిక్ మీటింగ్ పెడుతుంది, అప్పుడు పక్కన షేర్డ్ యూజ్ పాత్ (నడక, సైకిల్ కలిపి వాడే దారి) కావాలని రాతపూర్వకంగా కామెంట్లు వెళ్తే డిజైన్‌లో చేర్చే అవకాశం ఉంటుంది. రోడ్డు కావాలనేవాళ్ళు, ట్రైల్ కావాలనేవాళ్ళు కలిసి వెళ్ళాల్సిన మీటింగ్ అది. మా మీటింగ్‌కి వచ్చినవాళ్ళలో మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా లేరు, ఆ కమ్యూనిటీల్లో సగం ఇళ్ళు మనవే అయ్యుండి కూడా.

మెయింటెనెన్స్ గురించి మీరన్నది ఒప్పుకుంటా. మా దగ్గర ట్రైల్ అప్రూవ్ చేసేటప్పుడే ఏటా ఎంత అవుతుందో బడ్జెట్‌లో ఒక లైన్ పెట్టించాం, కొన్ని ముక్కలు హెచ్‌ఓఏలు చూసుకునేలా డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లోనే రాయించాం. అది లేకుండా కట్టొద్దనే నేనూ అంటా.

సైకిల్_వీకెండ్ రిప్లై:

దగ్గర్లోనే చూడాలంటే ఫార్మర్స్‌విల్ వెళ్ళండి. పాత రైల్వే లైన్ మీద వేసిన చాపరాల్ ట్రైల్ అక్కడ ఆనియన్ షెడ్ దగ్గర మొదలవుతుంది, నార్త్ఈస్ట్ టెక్సస్ ట్రైల్‌లో అది మొదటి ముక్క. మొత్తం 130 మైళ్ళు, న్యూ బోస్టన్ దాకా, మధ్యలో లడోనియా, రాక్స్‌టన్, పారిస్, క్లార్క్స్‌విల్ లాంటి ఊళ్ళు. రైళ్ళు ఆగిపోయినా లైన్‌ని ముక్కలుగా అమ్మేయకుండా ట్రైల్‌గా కాపాడుకునే వీలు 1983లో ఫెడరల్ చట్టంలో చేసిన మార్పుతో వచ్చింది. ఫార్మర్స్‌విల్ వైపు బాగుంటుంది, పోనుపోను కంకర, మట్టి, కొన్నిచోట్ల ఇంకా పనులు అవ్వాలి. ఒకేసారి ఎవరూ 130 మైళ్ళకి డబ్బులు ఇవ్వలేదు, ఏ ఊరికి ఆ ఊరు తన ముక్కకి గ్రాంట్లు, వాలంటీర్లు వెతుక్కుంటూ పోతోంది. పొద్దున్నే వెళ్ళండి, నీడ చెట్ల కింద ఉన్నంతసేపు చాలా బాగుంటుంది, పిల్లలకి కూడా.

కొత్తఇల్లు_నార్త్‌టెక్సస్ రిప్లై:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. సిటీ వెబ్‌సైట్‌లో వెతికాను, పార్క్స్ మాస్టర్ ప్లాన్ ఒకటి ఉంది, పాతది, అందులో మా క్రీక్ వెంబడి ఒక డాటెడ్ లైన్ ఉంది! ట్రైల్ అనే రాశారు. కానీ ఆ క్రీక్ అవతల ఉన్న పొలం దగ్గర ఇప్పుడు జోనింగ్ చేంజ్ అని బోర్డు పాతారు. ఇంకో వైపు ఉన్నదేమో సిటీ లిమిట్స్ బయట, ఎంయూడీ (నీళ్ళు, సీవర్ చూసుకునే విడి డిస్ట్రిక్ట్) అంటున్నారు. నేను ప్లానింగ్ అండ్ జోనింగ్ మీటింగ్‌కి వెళ్ళి ఏం అడగాలి? ప్లాట్ వచ్చినప్పుడు అడిగితే సరిపోతుందా?

పార్క్స్‌బోర్డ్_వాలంటీర్ రిప్లై:

ప్లాట్ దాకా ఆగొద్దు, ఇప్పుడే వెళ్ళండి. టెక్సస్‌లో ప్లాట్ సిటీ రూల్స్ ప్రకారం ఉంటే కమిషన్ దాన్ని పాస్ చేయాల్సిందే, 30 రోజుల్లో తేల్చాలి, ట్రైల్ లేదు కాబట్టి ఆపుతాం అనడానికి ఉండదు, ఆర్డినెన్స్‌లో రాసి ఉంటే తప్ప. జోనింగ్ అలా కాదు, అది కౌన్సిల్ ఇష్టం, డెవలపర్ అడుగుతున్న స్టేజ్ కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. ప్లాన్డ్ డెవలప్‌మెంట్ (పీడీ, ఆ ఒక్క ప్రాజెక్ట్ కోసం రాసే జోనింగ్) అయితే ఇంకా మంచిది, ట్రైల్ ఎక్కడ, ఎంత వెడల్పు, ఎన్ని ఇళ్ళకి పర్మిట్ ఇచ్చేలోపు పూర్తవ్వాలి అన్నది ఆ పీడీ టెక్స్ట్‌లోనే పెట్టించొచ్చు.

మీటింగ్‌కి వెళ్ళేటప్పుడు ఆ మాస్టర్ ప్లాన్ పేజీ ప్రింట్ తీసి డాటెడ్ లైన్ మీద హైలైటర్ గీసి పట్టుకెళ్ళండి, మీ ప్లాన్‌లో మీరే గీసిన లైన్ ఇది, ఈ అప్లికేషన్‌లో ఎక్కడుంది అని అడగండి. 3 నిమిషాలే ఇస్తారు, ఎక్కువ విషయాలు కలపొద్దు. అంతకు ముందే సిటీ ప్లానర్‌కి ఈమెయిల్ చేసి కాన్సెప్ట్ ప్లాన్ షీట్ అడగండి, పబ్లిక్ రికార్డే, ఇస్తారు. అందులో క్రీక్ పక్కన బ్యాక్‌యార్డులు వచ్చాయా, రోడ్డు వచ్చిందా చూడండి. క్రీక్ వెంబడి రోడ్డో ఓపెన్ లాటో ఉంటే ట్రైల్ బతుకుతుంది, ఫెన్సులు ఉంటే కష్టం. సివిల్_డ్రాయింగ్స్ గారు చెప్పిన సీవర్ ఈజ్‌మెంట్ మాటలు కూడా అక్కడే అడగండి.

ఎంయూడీ వైపు సిటీ చేతుల్లో పవర్ తక్కువే, 2023లో వచ్చిన చట్టంతో ల్యాండ్ ఓనర్లు సిటీ ఈటీజే (సిటీ లిమిట్స్ బయట సిటీ రూల్స్ కొన్ని వర్తించే ప్రాంతం) నుంచి బయటికి కూడా పోవచ్చు. కానీ నీళ్ళో సీవరో సిటీ నుంచి కావాలంటే అగ్రిమెంట్ ఉంటుంది, ట్రైల్ కనెక్షన్ అందులో పెట్టించమనండి. ఇంకో విషయం, లోకల్ పార్క్ గ్రాంట్‌కి ఎంయూడీలు కూడా అప్లై చేయొచ్చు, వాళ్ళ బోర్డు మీటింగులు కూడా పబ్లిక్‌వే.

రోడ్డు_ముందు రిప్లై:

ఆ జోనింగ్ బోర్డు మీద డేట్ ఉంటుంది, ఇక్కడ పెట్టండి. మాదీ అటు పక్క టౌనే అనుకుంటున్నా. రోడ్డు గురించి మాట్లాడటానికి నేనూ వస్తా, క్రీక్ దగ్గర ఆ ముక్కకి మీకు సపోర్ట్‌గా మీటింగ్‌లో ఇచ్చే కామెంట్ కార్డ్ కూడా నింపుతా.

కొత్తఇల్లు_నార్త్‌టెక్సస్ రిప్లై:

తప్పకుండా అన్నా, రేపు పొద్దున స్కూల్ డ్రాప్ అయ్యాక బోర్డు ఫొటో తీసి పెడతా. ప్లానర్‌కి ఈమెయిల్ ఇప్పుడే పంపించాను. మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో కూడా వేశాను, ముగ్గురు వస్తామన్నారు.